గూడెం ధర చెప్పే గొంతు

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో భీమశంకరంగారి కమీషన్ కొట్టు ఏమంత పెద్దది కాదు. ఆయనకంటే ఎక్కువ సరుకు దింపేవాళ్ళు అదే వరసలో నలుగురైదుగురున్నారు. కానీ ఏలూరు నుంచి కైకలూరు దాకా, ఇటు ఉండి ఊరు, అటు ముదినేపల్లి వరకూ ఏ కిరాణా కొట్టుకెళ్ళి ఆయన పేరు చెప్పినా, కొట్టాయన కూర్చున్నచోటి నుంచి లేచినంత పని చేస్తాడు. అంత మర్యాద ఆయన సరుకుకి కాదు, ఆయన గొంతుకి.

ప్రతి ఉదయం లారీలు దిగాక ఆయన వాట్సాప్ గ్రూపులో ధర చెబుతారు. రాయరు, చెబుతారు. "నమస్కారమండీ, గూడెం నుంచి భీమశంకరాన్ని. ఇవాళ కర్నూలు సరుకు బాగానే దిగిందండీ, కానీ తడి మీద ఉంది, నిలవ పెట్టుకోకండి. మహారాష్ట్ర పాయ ఆరింది, ధర కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి" అని నిదానంగా, ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే చెబుతారు. కొల్లేటి పక్క ఊళ్ళలో కొందరు కొట్ల తలుపులు తీసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆ తర్వాత ఈయన మాట విని గానీ తక్కెడ ముట్టుకోరు. పూర్వం వాళ్ళ నాన్నగారు ఇదే పని ట్రంకు కాల్స్ మీద చేసేవారట. ఆ ఇంట్లో ధర తప్పు చెప్పడమంటే అన్నంలో ఉమ్మివేయడం కింద లెక్క.

అందుకే నోరు విప్పేముందు ఆయన పడే తిప్పలు చూస్తే నవ్వొచ్చేది. సొంత కొట్లో ధర తెలిసినంత మాత్రాన అది గూడెం ధర కాదు గదా అని పక్క కొట్లకి వెళ్ళేవారు. బస్తా విప్పించి పాయ మెడ నొక్కి చూసేవారు. హమాలీలని అడిగేవారు, లారీ డ్రైవర్లని అడిగేవారు. "ఇంకెంతసేపండీ, ఏలూరు వాళ్ళు ఎదురుచూస్తున్నారు" అని పక్క కొట్టాయన ఆటపట్టిస్తే, "చూడనివ్వండి. ఆలస్యమైనా చెప్పుకోవచ్చు గానీ, అబద్ధమైతే వెనక్కి తీసుకోలేం" అనేవారు.

అంత పట్టింపు ఉన్న మనిషి చేసిన పని ఇది.

ఏలూరు శివారు వట్లూరులో కనకరత్నం అని ఒకావిడ ఉంది. ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని జంతికలు, చెక్కలు, ఉల్లి పకోడీ చేసి ప్యాకెట్లు కట్టేది. చుట్టుపక్కల ఆడవాళ్ళు కొందరు ఆవిడ దగ్గరికి పనికి వచ్చేవారు. భర్త సత్యనారాయణమూర్తి ఆ ప్యాకెట్లు మోపెడ్‌కి కట్టుకుని కొల్లేటి గట్ల వెంట చిన్న కొట్లకీ, చేపల చెరువుల మీద కాపలా ఉండేవాళ్ళకీ వేసి వచ్చేవాడు. పకోడీకి ఉల్లిపాయలు భీమశంకరంగారి కొట్టు నుంచే. వారం వారం ఫోను చేసేది. "బాబాయిగారండీ, నేనండీ కనకాన్ని. ఈసారి సన్నపాయ పంపకండి, తరగలేక చేతులు పోతున్నాయి" అనేది. ఇద్దరికీ చుట్టరికం లేదు, ఒకరినొకరు చూసుకున్నదీ లేదు. ఫోనులో మొదలైన పిలుపు ఫోనులోనే ముదిరి నిజం చుట్టరికమంత అయింది.

ఒకరోజు పొద్దున్న ఆయన ధర చెప్పబోతుండగా, ఉండి ఊరి దగ్గర చేపల చెరువులున్న పాత స్నేహితుడు సుబ్బరాజుగారు ఒక వీడియో పంపారు. చీకటి గదిలో ఒకడు పిండిని కాళ్ళతో తొక్కుతున్నాడు. పక్కన మూకుడులో నూనె తారులా నల్లగా మరుగుతోంది. ఇంకొకడు నేల మీద రాలిన జంతికలు చీపురుతో ఊడ్చి సంచిలో పోస్తున్నాడు. కింద తెలుగులో రాసి ఉంది: "వట్లూరులో జంతికల తయారీ ఇది. పిల్లలకు కొనిపెట్టకండి. పదిమందికీ పంపండి."

ఎదురుగా లారీ వెనక్కి వస్తోంది, హమాలీలు కేకలేస్తున్నారు, అవతల గ్రూపులో ధర కోసం అడుగుతున్నారు. ఒక్క క్షణం కనకరత్నం మనసులో మెదిలింది. వట్లూరులో జంతికలంటే ఇంకెవరున్నారు? ఆ వెంటనే, నేను పేరు చెప్పడం లేదుగా, ఎవరిదైతే వాళ్ళదే అవుతుంది అని తనకి తనే సర్దిచెప్పుకున్నారు. తర్వాత రోజుల్లో ఆయన అన్నిటికంటే ఎక్కువ కుమిలింది ఈ సర్దుబాటుకే. ఆ మాట తోచకుండా ఉంటే పోనీ తెలియక చేశాననుకునేవారు. తోచింది. తోచాక కూడా ఫోను చేయలేదు.

ధర చెప్పడం అయ్యాక అదే గొంతుతో, అదే నిదానంతో అన్నారు. "ఇంకొక్క మాటండీ. వట్లూరు వైపు నుంచి వచ్చే జంతికల ప్యాకెట్లు కొట్లో పెట్టేముందు కాస్త ఆలోచించండి. కింద వీడియో పెడుతున్నాను, చూడండి. పిల్లలు తినేవి కదండీ."

సుబ్బరాజుగారు పంపినంతవరకూ అది ఊరికే తిరిగే వీడియో. భీమశంకరంగారు చెప్పాక అది గూడెం ధర అయిపోయింది.

దండాల బొమ్మలు వరసకట్టి వచ్చాయి. "మీరు చెప్పారు గనక సరిపోయిందండీ" అని ముదినేపల్లి నుంచి ఒకరు, "మంచిపని చేశారండీ" అని కైకలూరు నుంచి ఒకరు. ఇన్నేళ్ళుగా ఎండల్లో వానల్లో ధర చెబుతున్నా ఇన్ని మెచ్చుకోళ్ళు ఆయన ఎరగరు. మధ్యాహ్నం అన్నం తింటూ కూడా ఫోను చూసుకున్నారు. పొగడ్త ఎవరికి మాత్రం చేదు?

ఆ వారం కనకరత్నం ఫోను రాలేదు. పై వారమూ రాలేదు. ఏలూరులో ఎవరో తక్కువకి ఇస్తున్నారు కాబోలని భీమశంకరంగారు నొచ్చుకున్నారు కూడా. తానే ఫోను చేస్తే బేరం కోసం వెంటపడినట్టుంటుందని బిగదీసుకుని కూర్చున్నారు. చూశారా చోద్యం, నొప్పించినవాడికే అలక.

నిజం ఆయన ఇంట్లోనే బయటపడింది. కోడలు మేఘన ఏలూరులో ఒక కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆదివారం పిల్లకి ఏదో ప్యాకెట్ విప్పుతుంటే ఆయన వారించి, "ఇవి ఎలా చేస్తారో చూడమ్మా" అని ఆ వీడియో చూపించారు. ఆ అమ్మాయి చూసి, "సౌండు పెట్టి విన్నారా మావయ్యగారూ?" అంది. లేదు. మార్కెట్ గోలలో ఎవరు వింటారు. మేఘన సౌండు పెంచింది. ఆ గదిలోవాళ్ళు గట్టిగా పోట్లాడుకుంటున్నారు. అందులో ఒక్క ముక్క తెలుగు లేదు. గోడ మీద క్యాలెండర్ చూపించింది. దాని మీద అక్షరాలూ మనవి కావు. వీడియోలోంచి ఒక బొమ్మ తీసి ఇంటర్నెట్‌లో వెతికితే, ఇదే వీడియో ఏళ్ళ కిందట ఎక్కడో ఉత్తరాదిన పెట్టి ఉంది. మధ్యలో ఇంకో రెండు మూడు రాష్ట్రాల ఊళ్ళ పేర్లతో కూడా తిరిగింది.

"వెళ్ళిన చోటల్లా ఆ ఊరి పేరు తగిలించారండీ" అంది మేఘన. "మన వైపు వచ్చేసరికి వట్లూరు అయింది. ఎవరి మీదైనా కక్షో, ఊరికే సరదాకో, తెలీదు."

"మరి నేను..." అని ఆగిపోయారాయన. కోడలు ఫోను ఆయన చేతిలో పెట్టేసింది. మావగారిని ఏమంటుంది?

ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. పాయ మెడ నొక్కి చూడనిదే మాట్లాడనే, ఒక ఆడకూతురి బతుకు గురించి మాట్లాడేముందు ఒక్క మీట నొక్కి వినలేకపోయానే అని పైకే అనుకున్నారు.

మర్నాడు ధర చెప్పాక తప్పు ఒప్పుకున్నారు. "ఆ వీడియో మన ఊరిది కాదండీ. చూసుకోకుండా చెప్పాను. తప్పు నాది. మీరు ఎవరెవరికి పంపారో వాళ్ళందరికీ దయచేసి ఈ మాట కూడా పంపండి." దండాల బొమ్మలు ఒకటో రెండో వచ్చాయి. ఆ వెనకే ధర మీద ప్రశ్నలు మొదలయ్యాయి. మొదటి మాట ఆ గ్రూపు దాటి పిల్లల స్కూలు గ్రూపులకీ, అపార్ట్‌మెంట్ల గ్రూపులకీ, చుట్టాల గ్రూపులకీ ఎప్పుడో వెళ్ళిపోయింది. ఈ రెండో మాటకి అంత ఓపిక ఎవరికుంది? కనుక్కుందామని ముదినేపల్లి కొట్టాయనకి ఫోను చేస్తే, ఆయన గొంతు తగ్గించి, "మిమ్మల్ని ఎవరైనా బెదిరించారాండీ? మాకు అర్థమైందిలెండి, మీరేం కంగారుపడకండి" అన్నాడు. నిజం చెబితే భయపడి చెప్పారనుకున్నాడు. ఎంత వాదించినా అవతల ఆయన "అలాగేనండీ, అలాగేనండీ" అని జాలిగా అన్నాడే తప్ప నమ్మలేదు.

ఇక ఆగలేక ఏలూరు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో వట్లూరు వెళ్ళారు. కనకరత్నం ఇల్లు వెతుక్కోనక్కర్లేకపోయింది. అడిగిన మొదటి మనిషే, "ఆ జంతికలావిడేనాండీ?" అని ఒకలాగా చూసి దారి చెప్పాడు.

షెడ్డులో పొయ్యిలు ఆరిపోయి ఉన్నాయి, ఒక్కటి తప్ప. పనివాళ్ళు లేరు. కనకరత్నం ఒక్కతే మూకుడు ముందు కూర్చుని ఉంది. ఆయన "అమ్మా" అనగానే తలతిప్పి, "బాబాయిగారా" అని లేచింది. మనిషిని ఎన్నడూ చూడకపోయినా గొంతు పోల్చుకుంది. కుర్చీ వేసింది. మంచినీళ్ళు ఇచ్చింది. సత్యనారాయణమూర్తి ఇంట్లో లేడు, బడి వ్యాను నడపడానికి కుదిరాడట.

"తప్పు చేశానమ్మా" అన్నారాయన.

"విన్నానండీ. మీరు ముందు చెప్పిందీ విన్నాను, మొన్న చెప్పిందీ విన్నాను. ముందుది మా ఆయనకి కైకలూరు కొట్లో వినిపించారండీ. గూడెం పెద్దాయనే చెప్పారు, ఇంక మాకు వెయ్యకండి అన్నారట." ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆయనకి. "మీ గొంతు విన్నాక ఏం చేశానో తెలుసాండీ? లేచి గిన్నెలన్నీ చూసుకున్నాను. నూనె డబ్బాలు వాసన చూశాను. బాబాయిగారు ఊరికే అనరు, మన దగ్గరే ఎక్కడో తేడా జరిగి ఉంటుంది, నాకు తెలియకుండా ఏ పిల్లయినా ఏదైనా చేసిందేమోనని పనివాళ్ళని కూడా అడిగానండీ. ఏడ్చారు వాళ్ళు."

భీమశంకరంగారు తల వంచుకున్నారు.

"ఫుడ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసువాళ్ళు వచ్చి చూసి, అంతా శుభ్రంగా ఉందని కాగితం కూడా ఇచ్చి వెళ్ళారండీ. కొట్లవాళ్ళకి చూపిస్తే మాకు తెలుసమ్మా, కొనేవాళ్ళే అడగట్లేదంటున్నారు. మీరొక్క ఫోను చేసి ఉంటే సరిపోయేదండీ. మన మధ్య ఫోనుకి ఏం కరువు?"

ఆయన పంచె అంచు చేత్తో నలుపుకున్నారు.

ఆవిడే, "ఇంత దూరం వచ్చారు, ఏమీ తినకుండా వెళ్తారేమిటండీ" అని, అప్పుడే తీసిన జంతికలు పళ్ళెంలో పెట్టి తెచ్చి ముందు పెట్టింది. ఎర్రగా, నువ్వులు కనిపిస్తూ, వేడి మీద ఉన్నాయి. ఆయన చెయ్యి చాచారు. ఆ వీడియో అబద్ధమని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు. అయినా చాచిన చెయ్యి పళ్ళెం మీద ఒక్క క్షణం ఆగింది. పిండిలో దిగిన ఆ పాదాలు, ఆ నల్లటి నూనె కళ్ళముందు కదిలాయి. ఎంత తోసేసినా పోలేదు. వెంటనే తీసుకుని నోట్లో వేసుకున్నారు. ఇంకోటి తీసుకున్నారు. "బాగున్నాయమ్మా, చాలా బాగున్నాయి" అంటూ గబగబా మరొకటి తీసుకోబోయారు.

కనకరత్నం ఆయన చేతికేసే చూస్తోంది.

"చాలండీ బాబాయిగారూ, బలవంతాన తినకండి" అంది మెల్లగా. "నిజం తెలిసిన మీకే చెయ్యి రాలేదు. తెలియనివాళ్ళని ఇంక నేనేమంటానండీ."

పళ్ళెం తీసి లోపల పెట్టి వచ్చి, వెలుగుతున్న ఆ ఒక్క పొయ్యి కూడా ఆర్పేసింది.