జోగులమ్మ వెతికిన పొగ వాసన మందు

పిట్ట ముట్టలేదు.

మూడోనాడు నాగప్ప సమాధి మీద అన్నీ పెట్టారు. కోడికూర, జొన్నరొట్టె, బీడీలకట్ట, గద్వాల బజారులో దొరికే విస్కీ సీసా. పాలమూరు దిక్కున ఇది తప్పని తంతు. పోయినవాడికి ఇష్టమైనవి పెట్టి దూరంగా జరిగి నిలబడాలి. కాకి వచ్చి ముడితే అతనికి తృప్తి. రాలేదంటే ఏదో కోరిక మిగిలిందని లెక్క. అప్పుడు బతికున్నవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇవ్వాలి. నాలుగు దేశాలు తిరిగినవాళ్లను అడిగి చూడండి, చచ్చినవాళ్లతో బేరమాడని ఊరు ఎక్కడా ఉండదు. ఇక్కడ మధ్యవర్తి కాకి, అంతే తేడా.

ఆ రోజు కాకులు వేపకొమ్మ మీద సభ పెట్టినట్టు కూర్చున్నాయి తప్ప దిగలేదు. తమ్ముడు ఎల్లయ్య చేతులు జోడించాడు. "అన్నా, నీ జీపు ఎవ్వనికీ అమ్మం." కాకి కదల్లేదు. "నీ బొంద చుట్టు గోడ కట్టిస్త." ఊహూఁ.

నాగప్ప భార్య జోగులమ్మ అంతసేపూ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఉంది. చివరికి ఆమే ముందుకు నడిచింది.

"గా పొగ వాసన మందే కదా నీ బాధ? ఏడాది దినం నాటికి తెచ్చి పోస్త. ఇగ రా."

ఒక కాకి దిగి కోడికాలు ఎత్తుకుపోయింది. చుట్టాలందరూ చూశారు, విన్నారు. ఇక ఆ మాట తప్పడానికి లేదు.

ఆ మందు సంగతి ఇది. గద్వాల చుట్టూ సీడు పత్తి పొలాలు చూడడానికి అప్పుడప్పుడూ పెద్ద పెద్దవాళ్లు వచ్చేవారు. అలా వచ్చిన ఒక తెల్లదొరను నాగప్ప వారం పాటు జీపులో తిప్పాడు. వెళ్లేముందు దొర తన సీసాలో మిగిలింది నాగప్ప గ్లాసులో పోసి, ఖాళీ సీసా కూడా ఇచ్చేశాడు. ఇంటికి రాగానే నాగప్ప ఆ సీసాను భార్య ముక్కు కింద పెట్టాడు.

"చూడు, ఏం వాసన?"

జోగులమ్మ మొహం చిట్లించింది. మళ్లీ చూసింది. "పత్తికట్టె కాలవెట్టిన చేన్ల వాన పడ్డట్టుంది."

"గదే! పొద్దుగాల నుంచి గా మాటే దొరకలే నాకు!" అని అతను ఎగిరి గంతేసినంత పని చేశాడు.

మర్నాడు నాగప్ప డ్యూటీకి పోయాక జోగులమ్మ ఏ ఇల్లాలైనా చేసే పనే చేసింది. బిగువైన మూత, మందమైన గాజు. అలాంటి సీసాను ఎవరు ఊరకే ఉంచుతారు? నీళ్లలో నానబెట్టి, కాగితం గీకిపారేసి, బూడిదతో తళతళా తోమి పల్లినూనె పోసింది. సాయంత్రం వచ్చిన నాగప్ప దాన్ని చూసి కూలబడ్డాడు.

"పేరు కడిగి పారేస్తివి గదనే!"

అంతకుమించి ఒక్క మాట అనలేదు. అదే తప్పయింది. నాలుగు తిట్టి ఉంటే ఆమె మరిచిపోయేది. అతను మాత్రం ఎప్పుడు గ్లాసు పట్టుకున్నా, "పేరన్న తెలిస్తే పోయేలోపు ఒక్కసారి తాగుదును" అనేవాడు. ఆ మాట ఆమె గుండెలో ముల్లయి ఉండిపోయింది.

ఏడాది గడువులో మొదట గద్వాల వైన్ షాపు. తీసుకుపోయింది జాఫర్. నాగప్పతో పాటు అడ్డా మీద పెరిగినవాడు, ఆటో తోలుతాడు, మందు చుక్క ఎరగడు. షాపు ఇంకా కొంచెం దూరం ఉందనగానే ఆటో ఆపేశాడు.

"అక్కా, మసీదు కాడోళ్లు చూస్తే నా గతి ఏంది? గీడనే ఉంట."

"నువ్వు దిగకు. తాగేది నువ్వా నేనా? అడుగుడే కదా."

షాపువాడు ఆమెను ఎగాదిగా చూశాడు. "కల్లు దుకాణం గా సందుల ఉంది పెద్దమ్మా."

"కల్లు కాదు. దొరలు తాగే సీమ మందు. పొగ వాసన రావాలె."

"పొగ కావాల్నంటే బీడీ కొనుక్కోవాలె," అన్నాడు వాడు. క్యూలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వులు ఆగేదాకా జోగులమ్మ అక్కడే నిలబడింది. ఆగాక, "నవ్వుడు అయిందా? ఇగ చెప్పు, ఉన్నదా లేదా?" అంది. లేదు.

తర్వాత ఎల్లయ్య నాగర్‌కర్నూల్ పోయినవాడు అట్టపెట్టెలో మెరిసే సీసా తెచ్చాడు. "స్కాచ్ వదినా! అసలు సీమ సరుకు." ఆమె మూత తీసి వాసన చూసింది. తియ్యగా ఉంది, అంతే.

"ఇది కాదు."

"చచ్చినోడు సీసా మీద చదువుతడా వదినా?"

"చదవడు. వాసన చూస్తడు."

"అయితే నేనే చూస్త తీ," అని ఎల్లయ్య ఆ సీసాను సంతోషంగా చంకన పెట్టుకుపోయాడు.

ఆమెకు అప్పుడు గుర్తొచ్చాడు వనపర్తి ఇంజనీరు సారు. నాగప్ప పెళ్లికి ముందు జీపు నడిపింది ఆయన దగ్గరే. రిటైరై ఇంట్లో ఉంటున్నాడు, మంచి మందు తెలిసినవాడని పేరు. సీడు పత్తిలో ఒక రకం పువ్వు పుప్పొడి ఇంకో రకానికి అంటించే క్రాసింగ్ పని ఒక పూట మానుకుని, జాఫర్ ఆటోలో పెబ్బేరు మీదుగా బయల్దేరింది. ఆ రోజు పశువుల సంత. ఎడ్ల మధ్య ఆటో ఇరుక్కుపోతే దిగి, కొమ్ములు పక్కకు నెట్టి, దారి చేసి మళ్లీ ఎక్కింది.

సారు అంతా విని, ఆమెకు కుర్చీ చూపించాడు. తర్వాత అన్నాడు:

"మీ మరిది తెచ్చింది కలగలుపు సరుకమ్మా. చాలా సారా బట్టీలవి కలుపుతరు. నువ్వు అడిగేది సింగిల్ మాల్ట్ అయి ఉంటది. ఒక్కటే బట్టీ. యవలు, అంటే బార్లీ, తప్ప వేరే గింజ ఉండదు. మొలకెత్తించి, ఎండబెట్టి చేస్తరు."

"అంటే క్రాసింగ్ చెయ్యంది."

సారు నవ్వాడు. "అంతే అనుకో."

రాగులు మొలకెత్తించి మాల్ట్ తాగే పాలమూరు మనిషికి ఇందులో వింతేమీ లేదు. యవలకూ మన పితృకార్యాలకూ సంబంధం కొత్తదీ కాదు. ఏ గింజ ఎక్కడ మొలిచి ఎవరి తర్పణానికి చేరుతుందో చెప్పడం కష్టం.

సారు మూడు సీసాలు తెచ్చి, మూడు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోశాడు. "ముక్కు లోపల పెట్టకు, మంట తప్ప ఏం తెల్వదు. జర దూరంగా పట్టుకో. నోరు కొంచెం తెరిచి మెల్లగా పీల్చు."

మొదటిది చేతికిచ్చి, "పద్దెనిమిదేండ్లు చెక్కపీపాల ఉన్నది. నాగప్పకు ఇదే తీసుకపో, నా తరఫున," అన్నాడు.

"తేనె, ఎండుద్రాక్ష. పెండ్లింటి లెక్క ఉన్నది సారూ. మంచిదే. ఆయనది కాదు."

రెండోది మామిడిపూత వాసన. అదీ కాదు.

మూడోది ఇవ్వడానికి సారు వెనకాడాడు. "ఇది సముద్రం మధ్యల ఒక దీవిది. మా దోస్తు ఇచ్చిండు. అక్కడ గడ్డి కుళ్లి గట్టిపడ్డ మట్టిని కాల్చి, ఆ పొగల యవలు ఎండబెడుతరు. దవాఖాన వాసన నాకు. ఒక్క గుక్క తాగి మూత పెట్టిన."

జోగులమ్మ పీల్చింది. నిజమే, దవాఖానే. నాగప్ప చివరి రోజులు గుర్తొచ్చి గ్లాసు దించబోయింది. దించలేదు. మళ్లీ పీల్చింది. "పైన దవాఖాననే. కింద కట్టె కాలింది. ఇంకోటేదో తక్కువున్నది."

సారు చెంచాతో నాలుగు చుక్కల నీళ్లు వేశాడు. గ్లాసు ఒకసారి తిప్పి ఇచ్చాడు.

ఆమె కళ్లు మూసుకుంది. "వాన పడ్డది," అంది.

సారు సీసా ఆమె ముందుకు జరిపాడు. "తీసుకపో తల్లీ."

జోగులమ్మ తల అడ్డంగా ఊపింది. "నువ్వు తాగినవ్ గద సారూ. ఎంగిలిది ఎట్ల పోస్త?"

పెద్దాయన తెల్లబోయి, ఆ తర్వాత గట్టిగా నవ్వాడు. "మరి ఎట్ల? పేరు రాసియ్యనా?"

"వద్దు. గీ కాగితమే ఇయ్యి."

తడిబట్ట తెప్పించుకుని, సీసాకు చుట్టి, నానేదాకా కూర్చుంది. ఒకప్పుడు గోటితో గీకిపారేసిన చేతులే ఈసారి అంచు చిరగకుండా ఆ కాగితాన్ని ఊడదీశాయి. జాకెట్లో దాచుకుని ఇల్లు చేరింది.

దాన్ని పట్టుకుని హైదరాబాదు పోయింది జాఫరే. క్రాసింగ్ కూలి డబ్బులు ఆమె కొంగున కట్టి ఉంచినవి ఇచ్చింది. అక్కడి దుకాణం వాడు అదే దీవిది ఇంకోటి చూపించి ఇదీ అదీ ఒకటేనన్నాడట. "చదువు రాని మనిషినే భాయ్. గీ కాగితం మీదున్న గీతలన్నీ సీసా మీద ఉండాలె," అని జాఫర్ కదల్లేదట. తువ్వాలలో చుట్టి తెచ్చిన దాన్ని భార్య రహీమాబీ గడప దాటనివ్వలేదు. అటునుంచి అటే జోగులమ్మ ఇంటికి పట్టుకొచ్చాడు.

ఏడాది దినం వచ్చింది. చుట్టాలు మళ్లీ సమాధి చుట్టూ చేరారు. ఎల్లయ్య గ్లాసులు తెచ్చుకున్నాడు. జోగులమ్మ మూత తిప్పి తీసింది. మూసి ఉన్న సీసాను నమ్మి తెచ్చింది, లోపల వేరేది ఉంటే? వాసన చూసింది. దవాఖాన. కింద ఏముందో నీళ్లు పడితేనే తెలుస్తుంది. అయినా ఆగలేదు. ఎండిన మట్టి మీద ధారగా పోసి, చెంబులోంచి చేతివేళ్లతో నీళ్లు చల్లింది.

కాలిన చేను మీద వాన పడ్డట్టు వాసన లేచింది.

"తాగు," అంది నెమ్మదిగా. లేచి, కొంగు దులుపుకుని, ఇంటి దారి పట్టింది.

"వదినా, పిట్ట రాకముందే పోతవేంది?"

"మాట నాది, తీరింది. పిట్ట పని పిట్ట చూసుకుంటది."

వెనక ఎల్లయ్య సీసాలో మిగిలింది ఒక గుక్క వేసి ఉమ్మేసిన చప్పుడు. "థూ! గీ దవాఖాన నీళ్ల కోసమా ఏడాది తిరిగినవ్! సరే తీ, సీసా అయితే పనికొస్తది. నూనెకు నాకియ్యి."

జోగులమ్మ ఆగి, వెనక్కి తిరిగింది.

"దాన్ని కడిగినవంటే చేతులు విరుగుతయ్ ఎల్లయ్యా. కాగితంతోటి, మూతతోటి ఇంటికి తీసుకరా."