చీర మడతల్లో పోయిన అమెరికా కవి

నేను డిగ్రీ చదివింది హిందూపురంలో, అరవయ్యో దశకం చివర్లో. ధర్మవరంలో మా నాయన కూలికి పట్టుచీరలు నేసేవాడు. ఇంట్లో ఉన్నది ఒకటే మగ్గం. పట్టూ జరీ సావుకారువి. కాలేజీలో చేరిన మొదటి వారమే ఒకమ్మాయి అడిగితే, మా నాయనకు పది మగ్గాలున్నాయని చెప్పేశాను. ఎందుకు చెప్పానంటే, ఆ అమ్మాయి చెవులకు రాళ్ల కమ్మలున్నాయి. అంతకంటే పెద్ద కారణం లేదు.

రెండో ఏడు మా ఇంగ్లీషు లెక్చరర్ నాకొక పని అప్పజెప్పాడు. ఒక అమెరికా కవి జీవితం, కవిత్వం గురించి తెలుగులో వ్యాసం రాసి కాలేజీ సభలో చదవాలి. ఆ కవి ఛందస్సును పక్కన పడేసి మామూలు మాటల్లో రాసినవాడు. ఆయన కవిత్వంలోకి వడ్రంగులూ కమ్మరులూ నేతగాళ్లూ కాళ్లకు దుమ్ముతోనే వచ్చేశారని లెక్చరర్ అనేవాడు. ఆ దేశపు పెద్దమనుషులు మొదట్లో ఆయన్ని చూసి నవ్వారట. ఆ నవ్విన వాళ్ల మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. రెండు నెలలు నిఘంటువు ముందేసుకుని కూర్చుని ఇరవై పేజీలు రాశాను. పనిచేసే చేతుల గురించి రాసిన పేజీ చదువుకుంటే నా రాతకు నాకే కళ్లలో నీళ్లు తిరిగేవి.

సభకు రెండు రోజుల ముందు ఇంటికి వెళ్లి, ఆ కాగితాలు గూట్లో పెట్టాను. నా పాత నోటుపుస్తకాలూ ఆ గూట్లోనే ఉండేవి. మా ఇళ్లలో చీర మడత పెట్టేటప్పుడు, జరీ ఒకదానికొకటి రాసుకుని నల్లబడకుండా మధ్యలో కాగితాలు వేస్తారు. మా నాయనకు చదువు రాదు. నేను రాసి పక్కన పెట్టిన నోట్సంతా అలా చీరల్లోనే పోయేది. ఈసారి అమెరికా కవి పోయాడు.

సభ రోజు పొద్దున చూస్తే గూట్లో కాగితాలు లేవు. సాయంత్రం నాలుగింటికి చదవాలి. నేను చేసిన రభసకు పొయ్యి దగ్గరున్న అవ్వ లేచి వచ్చింది. కాగితాలు ఆ గూట్లో పెట్టింది నేనే. అయినా నాయన మీద విరుచుకుపడ్డాను.

"చదువు రానోడివి, ఒక మాట అడిగి తీసుకోవాల గదా" అన్నాను.

నాయన మగ్గం గుంటలోంచి పైకి వచ్చాడు. "నువ్వు రైలెక్కు పాపా. చీర యాడ ఉండాదో నేను చూస్తా" అన్నాడు.

చీర సావుకారు దగ్గర లేదు. ముందు రోజే పెనుకొండలో పెళ్లివాళ్లకు చేరిపోయింది. నాయన పెనుకొండకు పోయాడు. పెళ్లికూతురు కట్టకముందే చీర మడత విప్పడం వాళ్లకు ఇష్టం లేక, చాలాసేపు వాకిట్లోనే నిలబెట్టారట. బతిమాలి విప్పించి, కాగితాలు ఏరుకుని, బస్సెక్కి హిందూపురం వచ్చాడు. ఇదంతా నాకు తర్వాత అవ్వ చెప్పింది.

సభ మొదలవబోతుండగా నాయన కాలేజీ వరండాలో నిలబడ్డాడు. మోకాళ్ల మీదికి కట్టిన పంచె, పట్టు రంగు అంటిన వేళ్లు, చంకలో నా కాగితాలు. నా పక్కన లెక్చరరూ, ఆ కమ్మల అమ్మాయీ ఉన్నారు.

"ఎవరమ్మా ఈయన?" అని లెక్చరర్ అడిగాడు.

"మా నాయన దగ్గర నేసే ఆయన సార్" అన్నాను. నోరు తడబడలేదు కూడా.

నాయన నా ముఖం చూడలేదు. "అవును సామీ" అని ఆయనకు చెప్పి, కాగితాలు నా చేతికిచ్చాడు. "వరసగా ఉండాయో లేదో చూసుకోండమ్మా, నాకు తెల్దు" అన్నాడు. మా నాయన నన్ను 'అండి' అనడం అదే మొదటిసారి.

వ్యాసం చదివాను. చేతుల గురించిన పేజీ దగ్గర అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు కిటికీలోంచి చూస్తే వరండాలో ఎవరూ లేరు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ కవిని చూసి నవ్విన పెద్దమనుషులు నాకంటే నయం. వాళ్లు తమకు నచ్చలేదని నేరుగా చెప్పారు.

ఆ వారంలోనే లెక్చరర్ దగ్గరకూ, కమ్మల అమ్మాయి దగ్గరకూ వెళ్లి నిజం చెప్పేశాను. నాయన దగ్గర మాత్రం నోరు రాలేదు. ఆయనా ఆ మాట ఎత్తలేదు. ఇంట్లో ఎప్పటిలాగే మాట్లాడుకున్నాం, అన్నం తిన్నాం.

మరుసటేడు కాలేజీలో నాకు బహుమతి ఇస్తామన్నారు. నాయనను రమ్మని పిలిచాను. ఆయన తెగిన పోగు అతుకుతున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎవుర్ని పిలుస్తాండావు పాపా? ఆ నేసే ఆయన్నా, మీ నాయన్నా?"

అందులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది. నాకు ఏడుపు ఆగలేదు. "ఇద్దర్నీ" అన్నాను.

నాయన పోగు ముడి బిగించి, వేలితో సరిచూసుకున్నాడు.

"ఇద్దరికీ కలిపి ఉండేది ఒకటే చొక్కా" అన్నాడు. "ఉతికి పెట్టు, వస్తా."