వెండి పట్టీ వేసి వండిన పుట్టగొడుగుల కూర

నవ్వనంటేనే చెప్తా. మొన్న ఆదివారం సాయంత్రం గవర్నర్‌పేట నడిబొడ్డున రిక్షాలోంచి తల బయటపెట్టి వాంతి చేసుకుంటున్న మనిషిని మీరెవరైనా చూశారా? అది నేనేనండీ!

పొద్దున గన్నవరం నుంచి స్కూటర్ మీద వస్తున్నా. రాత్రి పడ్డ వానకి రోడ్డు పక్క గడ్డిలో పుట్టగొడుగులు! తెల్లగా, ఒక్కోటీ అన్నం పళ్లెమంత. ఊరుకుంటానా? టవల్ నిండా కోసుకొచ్చా.

మా అత్తగారు రూతమ్మగారు ఉయ్యూరు నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ ఒకటి తిరగేసి చూశారు.

"బాబూ, మేం తినేవి పుట్ట మీద వస్తాయి. వేరు లోపలికి పొడుగ్గా దిగి ఉంటుంది. వీటికి వేరేదీ? పైగా అడుగున ఈ ఆకుపచ్చేంటండీ?"

"ఫ్రెష్‌గా ఉన్నాయి కదండీ, అందుకే!" అన్నా.

మా ఆవిడ సుగుణ వండనంది. సొట్టపడిన సత్తుగిన్నె ఒకటి నా ముందు పడేసింది. "ఇందులో చేసుకోండి. తర్వాత పారేసినా బాధ లేదు."

ఆఫీసులో ఎవరో చెప్పారు, విషం ఉంటే వెండి నల్లబడుతుందని. "నీ పట్టీ ఒకటి ఇలా ఇయ్యి" అన్నా.

"కాలి పట్టీ కూరలోనా? ఛీ!"

కడిగి వేశాలెండి. కూర ఉడికింది, పట్టీ మాత్రం తళతళా మెరుస్తోంది. "సైన్స్ అంటే ఇదీ!" అని వాళ్ళిద్దరికీ చూపించా.

"ఇవాళ కాస్త గట్టిగా ప్రార్థన చేసుకుని తినండి" అంది సుగుణ. వాళ్ళు పప్పుచారుతో తిన్నారు. కూరంతా నేనే తిన్నా.

కునుకు తీసి లేచానో లేదో, కడుపులో రోడ్డు రోలరు తిరిగింది. ఇక చూడండి, పైనుంచీ కిందనుంచీ! సుగుణ రిక్షా పిలిచి ఎక్కించింది. సెంటర్లో కిళ్ళీకొట్టు ముందు ఒకాయన, "పాపం, పొద్దుగూకకుండానే పట్టించేశాడు!" అన్నాడు.

"తాగలేదండీ! రోడ్డు పక్క పుట్టగొడుగులు తిన్నారు!" అని సుగుణ అరిచింది.

"తాగాననే చెప్పవే తల్లీ, కాస్త పరువైనా మిగుల్తుంది!" అన్నా.

డాక్టరుగారు సెలైన్ పెట్టారు. "ఎంతమంది తిన్నారమ్మా?"

"ఈయనొక్కరేనండీ. మేమిద్దరం చూశాం."

"చూడ్డానికి ముక్కేమైనా మిగిలిందా?"

"గిన్నె కూడా నాకేశారండీ."

"వెండి మెరిసింది డాక్టరుగారూ..." అని నేను గొణిగా. ఆయనకి ఒళ్ళు మండింది. "వెండికేం తెలుస్తుందయ్యా? కొన్ని రకాలకి వాంతులు కూడా ఆలస్యంగా మొదలవుతాయి, అప్పటికే లివర్ దెబ్బతింటుంది. ఫలానాదని బాగా తెలిసినవాళ్ళు చెప్తే తప్ప నోట్లో పెట్టకూడదు. నీ అదృష్టం బాగుంది. పోనీ, తింటున్నప్పుడు రుచి తేడాగా అనిపించలేదా?"

ఏం చెప్పమంటారు? జన్మలో నేను సొంతంగా వండిన మొదటి కూర. అంత బాగా కుదిరింది, మళ్ళీ వండుకునే యోగం లేదని ఏడుపొచ్చేసిందండీ!