అభిప్రాయాల చీటీలో హంతకుడి పేరు

1979 నవంబరులో ఢిల్లీలోని ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయ గ్రంథాలయంలో అసిస్టెంట్ లైబ్రేరియన్‌గా చేరాను. రెండేళ్ళ ప్రొబేషన్. ఆ రెండేళ్ళలో పైవాళ్ళకు నా పని నచ్చకపోతే పెద్దగా కారణం చూపకుండానే ఇంటికి పంపవచ్చు. లైబ్రేరియన్ పోస్టు ఖాళీగా ఉండడంతో మొదటి రోజు నుంచీ తాళంచెవులు నా దగ్గరే ఉండేవి. కార్యాలయం ఆర్.కె.పురంలో. మునిర్కాలో ఒక గది అద్దెకు తీసుకుని అక్కడి నుంచి నడిచి వచ్చేదాన్ని.

గ్రంథాలయంలో ఒక పక్క చట్టాలు, నివేదికలు. ఇంకో పక్క ఉద్యోగులు సరదాకు చదువుకునే పుస్తకాలు. సరదా పక్కన భాషకొక బీరువా. తెలుగు బీరువాలో ముప్పాతిక వంతు సస్పెన్స్ నవలలే. హత్యలు, మారిపోయిన వీలునామాలు, కొండ మీది బంగళాలు. కట్టుకున్నవాడే తనను చంపడానికి చూస్తున్నాడేమోనని నాయిక రెండు వందల పేజీలు వణికిపోయే కథలు. కొత్త నవల సోమవారం వస్తే మంగళవారానికల్లా దాని కోసం పేర్లు రాయించుకునేవాళ్ళు తయారు. చరిత్ర పుస్తకాలు మాత్రం వచ్చిన రోజు ఎంత నిగనిగలాడుతూ ఉండేవో నేను బదిలీ అయ్యే రోజుకూ అలాగే ఉన్నాయి.

ఏటా కొనే పుస్తకాల జాబితాను ఒక కమిటీ ఆమోదించాలి. దానికి అధ్యక్షులు డిప్యూటీ సెక్రటరీ శర్మగారు. లక్నో వైపు మనిషి, తెలుగు రాదు. నేను పంపిన జాబితాలో ఒక్కో నవల పక్కన ఒక వాక్యంలో విషయం రాశాను. ఆయన దాని అంచున ఎర్ర సిరాతో, ‘ఇన్ని హత్యలు అవసరమా?’ అని రాసి వెనక్కి పంపారు. ఫిబ్రవరిలోగా పాఠకుల అభిప్రాయాలు సేకరించి ఫైలులో పెట్టాలనీ, అవి సంతృప్తికరంగా లేకపోతే ఈ రకం నవలలు ఆపేసి జీవిత చరిత్రలు తెప్పించాలనీ కింద ఆదేశం. అదే జరిగితే తెలుగు బీరువా దగ్గరికి మనిషి రాడు. పాఠకులు రాని గ్రంథాలయంలో ప్రొబేషన్ మీద ఉన్న మనిషి అవసరం ఏమిటన్న ప్రశ్న ఆ తర్వాతది.

వెంటనే ప్రతి నవల ముందు అట్ట లోపల, గడువు తేదీల కాగితం కింద, ‘పాఠకుల అభిప్రాయం’ అని ఒక చీటీ అంటించాను. పేరు రాయనక్కర్లేదని కూడా చెప్పాను. అభిప్రాయాలు నేను ఊహించిన దానికన్నా ఎక్కువగానే వచ్చాయి. ‘చదివితిని. బాగున్నది. ఆమోదించవచ్చును,’ అని ఒకరు. ‘ఇన్‌స్పెక్టరు ఆరుసార్లు కాఫీ తాగాడు. ఒక్కసారి కూడా వేలిముద్రలు తీయించలేదు,’ అని మరొకరు. ‘నాయిక మొదటి రోజే పుట్టింటికి వెళ్ళిపోయి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు.’ ‘ప్రేమ ఘట్టాలు బాగున్నవి. అయితే నాయకుడు ఉద్యోగస్థుడు. ఇన్ని రోజులు ఊటీలో ఉండడానికి అతనికి సెలవు ఎవరు మంజూరు చేశారు?’

డిసెంబరులో ఒక మధ్యాహ్నం సెక్షన్ ఆఫీసర్ సుబ్బారాయుడుగారు ఒక నవల తెచ్చి నా బల్ల మీద పెట్టారు. అమలాపురం మనిషి. ఎంత కోపం వచ్చినా గొంతు పెంచరు. ఆ నవల, తేయాకు తోటల బంగళాకు కొత్త పెళ్ళికూతురిగా వెళ్ళిన అమ్మాయి కథ. పదకొండు రోజులు వేచి చూసి తీసుకువెళ్ళారు. అట్ట తెరవగానే చీటీ మీద పెద్ద పెద్ద పెన్సిలు అక్షరాలతో, ‘భర్త మంచివాడే. చంపింది డాక్టరు తమ్ముడు. కంగారు పడకండి,’ అని ఉంది.

“ఇంక నేను చదవాల్సింది ఏముందమ్మా?” అన్నారాయన. ఇంకోసారి ఇలా జరిగితే కమిటీకి రాతపూర్వకంగా తెలియజేస్తానని కూడా అన్నారు. ఆ రాతకోసమే కదా శర్మగారు చూస్తున్నది.

బీరువా అంతా వెతికితే ఇంకో నాలుగు నవలల్లో అదే పెన్సిలు, అవే అక్షరాలు. గ్రంథాలయంలో ప్రతి పుస్తకానికీ ఒక కార్డు ఉంటుంది. పుస్తకం తీసుకునేవాళ్ళు దాని మీద సంతకం పెడతారు, పుస్తకం తిరిగి వచ్చేదాకా కార్డు మా దగ్గర ఉంటుంది. ఐదు కార్డులూ బల్ల మీద పరిచి చూశాను. ఐదింటిలోనూ ఉన్న పేర్లు రెండే: ఒకటి సుబ్బారాయుడుగారిది, రెండోది కార్యాలయపు డిస్పెన్సరీలో పనిచేసే నర్సు రత్నమ్మగారిది. ఆవిడ బాపట్ల దగ్గర ఊరి మనిషి, ఆదివారాలు చర్చిలో పాటలు పాడించేవారు. ఆవిడ మీదికి నా అనుమానం పోలేదు. సుబ్బారాయుడుగారికేమో ఒకే నవల రెండుసార్లు తీసుకునే అలవాటు ఉంది. పైగా ఫిర్యాదు చేసినవాడే చివరికి దోషిగా తేలడం ఆ బీరువాలో మామూలు.

వీలైనంత మర్యాదగా ఆయన్నే అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది. నేను రాస్తే కింద సంతకం, తేదీ ఉంటాయి. ఎవరికి ప్రతి పంపానో కూడా ఉంటుంది,” అన్నారు.

క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన మర్నాటి నుంచి లంచ్ వేళ తన టిఫిన్ డబ్బా తెచ్చుకుని తెలుగు బీరువాకు ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టారు. నేరస్థుణ్ణి తానే పట్టుకుంటారట. నవల తీసుకోవడానికి వచ్చినవాళ్ళు ఆయన చూపు చూసి, పక్కనున్న వ్యవసాయ నివేదిక తీసుకుని వెళ్ళిపోయేవారు.

జనవరిలో బీరువా తలుపు రేకు నా వేలు కోసింది. తుప్పు పట్టిన రేకు కాబట్టి టెటనస్ ఇంజెక్షన్ కోసం డిస్పెన్సరీకి వెళ్ళాను. రత్నమ్మగారు దూది రాస్తూ, “కంగారు పడకండి. చీమ కుట్టినట్టుంటది. సాయంత్రానికి చెయ్యి బరువెక్కుద్ది. రేపటికి పోద్ది,” అన్నారు.

సూది ఎప్పుడు దిగిందో నాకు తెలియలేదు.

“సిస్టర్, ఆ చీటీల మీద రాస్తున్నది మీరా?” అన్నాను.

“నేనేనమ్మా. ఏం, తప్పు రాశానా? డాక్టరు తమ్ముడే కదా?”

“తప్పు కాదు. కరెక్టుగా రాశారు. ఇబ్బంది అదే.”

ఆవిడకు ఆ ఇబ్బంది అర్థం కాలేదు. నన్ను కూర్చోబెట్టి వివరించారు. టైపిస్టు కమలగారికి బీపీ ఉంది. తేయాకు తోట నవల చదివిన వారం అది బాగా పెరిగింది. ఉప్పు తిన్నారా అంటే లేదు, మందులు మానేశారా అంటే లేదు. చివరికి, ఆ భర్త ఆ పిల్లను చంపేస్తాడేమోనని నిద్ర పట్టడం లేదని కమలగారు బయటపెట్టారు. రత్నమ్మగారు నవల తెప్పించుకుని రెండు రోజుల్లో చదివి, భర్త మంచివాడని చెప్పారు. బీపీ దిగింది. అప్పటి నుంచి చదివిన ప్రతి నవల మీదా రాస్తున్నారు.

“ఎక్కించే మందేందో చెప్పకుండా ఎవరికన్నా సూది గుచ్చుతామా?” అన్నారు.

దీనికి నా లైబ్రరీ సైన్స్ డిప్లొమాలో సమాధానం లేదు. చాలాసేపు మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వచ్చాం. చీటీలన్నీ వెనక అట్ట లోపలికి మారుస్తాను. ఆవిడ అక్కడ ఏమైనా రాసుకోవచ్చు. బీపీ ఉన్నవాళ్ళు ముందుగా తెలుసుకోవాలనుకుంటే డిస్పెన్సరీకి వెళ్ళి నోటిమాటగా అడగాలి. తడిగుడ్డతో పాత చీటీలు ఊడదీసి కొత్తవి అంటించడానికి నాలుగు రోజులు పట్టింది.

విషయం పరిష్కారమైందని సుబ్బారాయుడుగారికి చెప్పాను. పేరు మాత్రం చెప్పలేదు. ఆయన తల పంకించి, “కేర్‌టేకరే కదా? నాకు మొదటి నుంచీ వాడి మీదే అనుమానం,” అన్నారు. భవనం బాగోగులు చూసే కేర్‌టేకరు హర్యానాలోని రోహతక్ మనిషి. తెలుగులో ఒక్క అక్షరం రాదు. నేను అవుననలేదు, కాదనలేదు. ఆయన తృప్తిగా టిఫిన్ డబ్బా తీసుకుని తన సెక్షన్‌కి వెళ్ళిపోయారు.

ఫిబ్రవరిలో అభిప్రాయాలన్నీ ఇంగ్లీషులోకి తర్జుమా చేసి, టైపు చేయించి ఫైలు పంపాను. కథ ముగింపు బయటపెట్టే వాక్యాలను మాత్రం పద్ధతి ప్రకారం వదిలేశాను. మూడో రోజు ఫైలు తిరిగి వచ్చింది. నా నోట్ కింద రెండే మాటలు: ‘ప్లీజ్ డిస్కస్.’ అంటే స్వయంగా వచ్చి సంజాయిషీ చెప్పుకోమని. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళకు ఆ రెండు మాటలు చదివాక మధ్యాహ్నం అన్నం సహించదు.

శర్మగారి గదిలో హీటరు వెలుగుతోంది. ఆయన ఫైలు తెరిచి, ఇది అసంపూర్తిగా ఉందన్నారు. ఏది తక్కువైందో నాకు తోచలేదు.

“ఈ టీ ఎస్టేట్ కేసులో భర్త మీద ఏడుగురు అనుమానం వ్యక్తం చేశారు. ఫైనల్ పొజిషన్ ఏమిటో ఎక్కడా లేదు,” అన్నారు.

డాక్టరు తమ్ముడని చెప్పాను.

“అచ్ఛా. ఎందుకు చంపాడు?”

చీటీలో పేరు ఉంది గాని కారణం లేదు. నవల నేను చదవలేదు. ఆ మాట చెప్పక తప్పలేదు. బీరువాలో ఉన్నవే చదవకుండా ఈ రకం నవలలు ఇంకా కొనమని ఎలా సిఫారసు చేశారని ఆయన నెమ్మదిగా అడిగారు. చదివినవాళ్ళు ఒకరు డిస్పెన్సరీలో ఉన్నారని మాత్రం చెప్పగలిగాను. ఆయనే ఫోను చేసి పిలిపించారు.

రత్నమ్మగారు వచ్చి నిలబడి, ఐదు నవలల కథలూ తన హిందీలో చెప్పారు. ప్రతిదీ ముగింపుతో మొదలుపెట్టి వెనక్కి వచ్చారు. “పతి అచ్ఛా ఆద్మీ హై సర్, టెన్షన్ నహీ లేనా,” అని భర్త మంచితనం ముందే చెప్పి, తర్వాత కారణాలు వివరించారు. శర్మగారి టీ చల్లారిపోయింది. మధ్యలో ఆయన ఒక్కటే ప్రశ్న వేశారు: ఇన్‌స్పెక్టరు వేలిముద్రలు ఎందుకు తీయించలేదు? ఆ సంగతి తాను కూడా రాశానని రత్నమ్మగారు అన్నారు. అది సిరాతో రాసి ఉండడంతో, ఎవరి అభిప్రాయమో నాకు అప్పుడే తెలిసింది.

సాయంత్రానికి ఫైలు వచ్చింది. జాబితాలో మూడో వంతు కొట్టేసి, మిగతావి కొనవచ్చని రాశారు. ఇకముందు అభిప్రాయాలు ‘అన్ని విధాలా సంపూర్ణంగా’ ఉండాలని కింద ఒక వాక్యం. కొట్టేసిన నవలల గురించి సుబ్బారాయుడుగారు మూడు పేరాల అర్జీ పెట్టారు. సంతకం, తేదీ ఉన్నాయి. దానికి జవాబు రాలేదు. నా ప్రొబేషన్ గడువుకే పూర్తయింది.

ఆ తర్వాత ఇంకో మూడు కార్యాలయాల్లో పనిచేశాను. ముగింపు ముందే తెలిస్తే గాని చదవలేనివాళ్ళు, తెలిస్తే చదవలేనివాళ్ళు ప్రతిచోటా ఉన్నారు. వాళ్ళలో ఏ ఒక్కరినీ మార్చడం గ్రంథాలయం పని కాదు. రెండు రకాలవాళ్ళకూ ఒకే పుస్తకం అందేలా చూడడమే పని. అక్కడ నేర్చుకున్న రెండో సంగతి నా సొంత లోపం గురించి. కొనమని సిఫారసు చేసే నవలను, అది ఎంత నాసిరకమైనా, కడదాకా చదవకుండా జాబితాలో చేర్చడం ఆ ఫిబ్రవరితో మానేశాను.