ఎర్ర సైకిల్ మీద ఒక్క ఆదివారం

నా చిన్నప్పుడు సైకిల్ మంచిదో కాదో తేల్చే విద్య నాకు బాగా తెలుసని నమ్మేదాన్ని. స్టాండు వేసి, పెడల్ ఒక్క ఊపు తిప్పి, వెనక చక్రం ఎంతసేపు తిరుగుతుందో చూడటమే ఆ విద్య. మద్రాసు చింతాద్రిపేటలో మా వీధి పిల్లలందరిదీ ఇదే పరీక్ష. మనిషి బరువు పడనప్పుడు ఏ చక్రమైనా తిరుగుతుందన్న సంగతి మాకెవరికీ తట్టలేదు.

అవి తొంభైల మొదటి సంవత్సరాలు. ఎనిమిది పాసై రాయపురంలో పెద్ద బడికి మారాను. బస్సులో నలిగి రోజూ ఏడుపు ముఖంతో ఇంటికొచ్చేదాన్ని. మాతోనే ఉండే మా మేనత్త మాత్రం ఊరి చివర మనలి అనే పేటలో టీచరు పనికి చీరకట్టుతో సైకిల్ మీదే వెళ్లేది. సెలవులొస్తే దానికే సంచి కట్టి పులికాట్ దాకా, ఒకసారైతే తిరుత్తణి దాకా వెళ్లొచ్చింది. ఆమె వెంట అలా ఊళ్లు తిరగాలని నాకు ఎంత ఆశో! బడికీ ఆ ప్రయాణాలకీ పనికొచ్చే సైకిల్ కావాలి, అదీ పాతదే, ఎందుకంటే మా స్తోమత అంతే. నాన్న ఒప్పుకున్నాడు. అమ్మ షరతు పెట్టింది. ముందు ఒకరోజు దూరం తొక్కి చూపించాలి. నడుం నొప్పి అనో కాలు నొప్పి అనో ఒక్క మాట వినబడినా సైకిల్ ఊసెత్తకూడదు.

పాత సైకిళ్ల అంగడిలో మాకు అందే ధరలో రెండు దొరికాయి. ఒకటి ఆకుపచ్చది. తిన్నని హ్యాండిల్, లావు టైర్లు, గట్టి క్యారియర్, మొత్తానికి అచ్చం పాలు పోసేవాళ్ల బండి. రెండోది ఎర్రది. ఆడవాళ్లు తొక్కేదే కానీ, దానికి ఎవరో పందెం సైకిల్ మాదిరి కిందికి వంగిన హ్యాండిల్ బిగించారు. సన్నని టైర్లు. చక్రం తిప్పితే ఆగదే! నేను మురిసిపోయాను.

అత్త ఎర్రదాని సీటు నొక్కింది, క్యారియర్ ఊపి చూసింది. బుద్ధులు చెబుతుందని బిగుసుకున్నాను.

"సరి, నీకు నచ్చింది కదా. ఆదివారం దీన్నే బాడుగకి తీసుకుని ఎన్నూరు దాకా పోయొద్దాం. పోయేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు ఎట్లుండాదో చూడు" అంది. అంగడాయన తెలిసినవాడే, ఒప్పుకున్నాడు.

పొద్దున పోయేటప్పుడు గాలి లేదు. తన సైకిల్ మీద వస్తున్న అత్తను వెనక వదిలేసి సముద్రం పక్క రోడ్డు మీద నేను దూసుకుపోయాను. మధ్యాహ్నం తిరుగుముఖం పట్టేసరికి ఎదురుగాలి మొదలైంది. వంగి వంగి మెడ పట్టేసింది. అరచేతులు బొబ్బలెక్కాయి. గుంట వచ్చినప్పుడల్లా వెన్నులో కలుక్కుమనేది. దారి మధ్యలో తిరువొత్తియూరు చేరకముందే కళ్లలో నీళ్లు. ఈ వాలకంతో ఇంటికెళితే అమ్మ గడపలోనే కనిపెడుతుంది, ఇక నా పని అంతే.

అత్త ఆగింది. "నా బండి కొంచెం నువ్వు తొక్కు పాపా. నాకూ ఆ ఎర్రది ఎట్లుండాదో చూడాలనుంది."

నలభై ఐదేళ్ల మనిషి, కుచ్చిళ్లు దోపుకుని, ఆ వంపు హ్యాండిల్ మీదికి వంగి ఇంటిదాకా తొక్కింది. నేను ఆమె బండి మీద నిటారుగా కూర్చుని హాయిగా వచ్చాను. మళ్లీ మార్చుకుందామని ఒక్కసారైనా అడగలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున అత్త వంగలేకపోయింది. అమ్మ నూనె రాస్తూ, ఏం చేశావని అడిగింది. పక్క గదిలో నేను తలుపుకి చెవి ఆనించాను.

"చేతిపంపు కొట్టి కొట్టి నడుం పట్టేసింది వదినా. పాపకేం, గుర్రం మాదిరి తొక్కింది" అంది అత్త. తెల్లారకముందే పంపు దగ్గర బిందెలతో నిలబడే ఆ రోజుల మద్రాసులో ఆ మాట నమ్మని ఆడమనిషి లేదు. అమ్మ మరికాస్త నూనె వేసి రుద్దింది.

ఆ సాయంత్రం అంగడిలో ఆకుపచ్చదాన్ని నేనే చూపించాను. అత్త టైర్లు నొక్కి చూసి తలూపింది. దాని మీదే బడికీ, ఆ తర్వాత కాలేజీకీ వెళ్లాను. సంచి కట్టుకుని అత్తతో పులికాట్ ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. ఏ దారిలోనూ ఆమె ఎర్ర సైకిల్ మాటెత్తలేదు.

ఇప్పుడు నా పిల్లలు పట్టుబట్టి ఏదో ఒకటి ఎంచుకుని, నాలుగు రోజులకే ముఖం వేలాడేసుకుని వస్తారు. నేను అప్పుడే చెప్పలేదా అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగేసి, వాళ్ల చేతిలోది కాసేపు నాకిమ్మంటాను.