మత్తుసూదికి ముందు కొండలమ్మ మాట

నర్సీపట్నంలో మన్మథరావు డాక్టరుగారి ఆసుపత్రిలో కొండలమ్మ ఆపరేషన్ థియేటర్ ఆయా. బలిఘట్టం నుంచి రోజూ నడిచివచ్చి, నేల కడిగి, రోగుల్ని స్ట్రెచర్ మీద లోపలికి తోసుకెళ్ళడం ఆమె పని. బల్లమీద పడుకోబెట్టేటప్పుడు ఎవరి చేతులు ఎంత చల్లబడి ఉంటాయో ఆమెకి తెలిసినంతగా డాక్టరుగారికి కూడా తెలియదు.

తొంభై ఆరులో కోటవురట్ల నుంచి సోమన్న అనే చెరకు రైతు వరిబీజం ఆపరేషనుకి వచ్చాడు. దుక్కలాంటి మనిషి. నడుములో మత్తుసూది వేసిన కాసేపటికే "ఓలమ్మో, నా కాళ్ళు పోనాయి! కుంటోణ్ణి సేసీసినారు!" అని కేకలు పెట్టి బల్లమీంచి దొర్లబోయాడు. నలుగురు పట్టుకున్నా ఆగలేదు. బీపీ ఎక్కడికో వెళ్ళిపోయింది. డాక్టరుగారు ఆపరేషన్ ఆపేశారు. మధ్యాహ్నానికి కాళ్ళు స్వాధీనంలోకి రాగానే సోమన్న ఎవరికీ చెప్పకుండా బస్సెక్కేశాడు.

స్టాఫంతా రెండు రోజులు ఆ మాటే చెప్పుకుని నవ్వారు. కొండలమ్మకి నవ్వు రాలేదు.

"కాళ్ళు మొద్దుబారతాయని ఆడికి ముందు ఎవులైనా సెప్పినారేటి?" అని నర్సుని అడిగింది.

పది రోజులకి సోమన్నని భార్య కామమ్మ బతిమాలి మళ్ళీ తీసుకొచ్చింది. ఆపరేషన్ మర్నాడనగా, ఎవరినీ అడక్కుండానే కొండలమ్మ అతని చేత కాళ్ళు కడిగించి, ఖాళీగా ఉన్న థియేటర్లోకి తీసుకెళ్ళి బల్లమీద కూర్చోబెట్టింది.

"ఇలా సూడు తమ్ముడూ. ఆ పెద్ద లైటు నీ మీద వెలుగుతాది. సూదేసినప్పుడు గండుసీమ కుట్టినట్టుంటాది. ఆనక కాళ్ళు ఏడెక్కుతాయి, మొద్దుబారతాయి. నీ కాళ్ళు నీయి కానట్టుంటాది. మూడు నాలుగు గంటలకి మత్తు దిగుతాది. ముందు కాలేళ్ళు కదుల్తాయి."

"కదలకపోతే అప్పా?"

"కదిలినదాకా నాను ఇంటికెళ్ళను. సరేనా?"

సోమన్న బల్లని చేత్తో తడిమి చూశాడు. "మరి నొప్పో?"

"కోసినప్పుడుండదు. మత్తు దిగినాక ఉంటాది. నర్సమ్మకి సెప్పు, మందిస్తాది. ఓర్సుకోమని నాను సెప్పను."

మర్నాడు మత్తు ఎక్కుతుంటే సోమన్నే చెప్పడం మొదలుపెట్టాడు. "ఏడెక్కుతన్నాయి డాక్టరుబాబూ... ఇప్పుడు మొద్దుబారతన్నాయి. అప్ప సెప్పినట్టే."

డాక్టరుగారు బీపీ నిలకడగా ఉండడం చూసి, కొండలమ్మ వైపు చూశారు. ఆపరేషన్ అయ్యాక పిలిచి, "ఏం చెప్పావు అతనికి?" అన్నారు. ఉద్యోగం పోయిందనుకుంటూనే ఆమె అన్నీ చెప్పింది. ఆయన చివరిదాకా విన్నారు. "రేపట్నుంచి ఆపరేషన్ ఉన్న ప్రతివాళ్ళకీ నువ్వే చెప్పాలి. నేల కడగడానికి ఇంకొకర్ని పెడతాను."

అప్పట్నుంచి ఆ ఆసుపత్రిలో ఆమె మాట వినకుండా ఎవరూ బల్లెక్కలేదు. పాయకరావుపేట వైపు నుంచి లోవమ్మ అనే చేపలమ్మే ఆవిడ గర్భసంచి ఆపరేషనుకి వచ్చినప్పుడు, కొడుకు తాతబ్బాయి కొండలమ్మని పక్కకి పిలిచాడు.

"మాయమ్మకి నొప్పేటీ ఉండదని సెప్పండి. బెదిరిపోద్ది."

"అలా సెప్తే, రేపు నొప్పొచ్చినప్పుడు ఏదో తేడా అయిపోనాదని ఇంకా బెదిరిపోద్ది బాబూ. అబద్ధం నాను సెప్పలేను."

లోవమ్మ మంచం మీంచే అందుకుంది. "నిజమే సెప్పమ్మా. నాకు తెలీందంటేనే బయం." అంతా విన్నాక ఆవిడ కాస్త అన్నం తిని, కొడుకుని ఇంటికెళ్ళి పడుకోమంది.

రెండువేల నాలుగులో నర్సింగ్ చదివిన అమ్మాయిలు ఆరుగురు కొత్తగా చేరారు. మొదటిరోజే డాక్టరుగారు వాళ్ళని తీసుకొచ్చి, "కొండలమ్మగారు చెప్పేది వినండి. ఆ తర్వాతే మిగతా పని" అన్నారు. ఆయన నోట ఆ 'గారు' వినగానే కొండలమ్మ పమిట సర్దుకుంది. గొంతు సవరించుకుని, సూది దగ్గర్నుంచి కాలివేళ్ళు కదిలేదాకా ఒక్కటీ వదలకుండా చెప్పింది.

సాయంత్రం ఇంటికెళ్ళి, కాళ్ళయినా కడుక్కోకుండా కూతుర్ని కేకేసింది. కొండలమ్మకి సంతకానికి మించి రాయడం రాదు.

"ఓలే సిట్టీ! ఇయాల నాను సెప్తంటే ఆరుగురు నర్సమ్మలు పుస్తకాల్లో రాసుకున్నారే!"