పదమూడో రోజుకు ముందే పడ్డ గేటు

ఓట్లంటే చాలు, మూసేయడమే. మందు దుకాణం మూస్తే మా ఆవిడైనా సంతోషిస్తుంది. మనిషి ఇంటికి పోయే దారి మూస్తే ఎవరికి లాభం? నేపాల్‌లో పోలింగట, బీహార్‌లో రక్సౌల్ దగ్గర సరిహద్దు గేటు మూడు రోజులు బంద్! మా ఫ్యాక్టరీ వాచ్‌మన్ దిల్‌బహదూర్ తండ్రి అక్కడ చనిపోయాడు. పదమూడో రోజు కర్మ పెద్దకొడుకుగా ఇతనే చేయాలి. కబురు రాగానే జనరల్ బోగీలో పోతానన్నాడు. "రెండు రాత్రులు నిలబడి పోతవా? ఆగు, బెర్త్ దొరకనియ్యి" అన్న పెద్దమనిషిని నేనే. బెర్త్ పదో రోజుకు దొరికింది.

ఆ పొద్దున అతన్ని రైలెక్కించడానికి నేనూ బయల్దేరాను. ఆరింటికి ఇస్నాపూర్‌లో షేర్ ఆటో ఎక్కాం. పటాన్‌చెరుకు మనిషికి ఇరవై రూపాయలు. సగం దారిలో అతని తమ్ముడి ఫోన్. గేటు రేపు మూస్తారట, పద్నాలుగో రోజు తెరుస్తారట. ఇతను అక్కడికి చేరేది పన్నెండో రోజు.

"నేపాల్‌కు వీసా గిట్ల లేదంటరు గదనే?" అన్నాడు ఆటో డ్రైవర్.

"వీసా లేదు తమ్మీ, ఓట్లున్నయ్" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

పటాన్‌చెరు టిఫిన్ బండి దగ్గర దిల్‌బహదూర్ ఇడ్లీ వద్దన్నాడు. "ఈ దినాలల్ల ఉప్పు తినొద్దక్కా." బండి ఆమె అతని గుండు, తెల్లబట్టలు చూసింది. "పిండిలనే ఉప్పుంటది బిడ్డా" అని రెండు అరటిపండ్లు చేతిలో పెట్టింది.

అక్కడి నుంచి సికింద్రాబాద్‌కు సిటీ బస్సులో గంటన్నర. "వాపస్ పోదామా?" అని ప్లాట్‌ఫారం మీద అడిగాను.

"నా గుండు సూసి వదుల్తరేమో సార్" అంటూ రైలెక్కాడు.

ఓట్లొస్తే అక్కడి నాయకుడు మనల్ని తిడతాడు, ఇక్కడి నాయకుడు పక్క దేశాల్ని తిడతాడు. గెలిచాక ఇద్దరూ శాలువాలు కప్పుకుంటారు. వాళ్ల విమానానికి ఏ గేటూ అడ్డం రాదు. తండ్రికి కర్మ చేయాల్సిన కొడుకు మాత్రం అనుమానితుడు! సరిహద్దు దాటేవాళ్లు రైలు టైం కంటే ముందు రెండు దేశాల ఓట్ల తేదీలు చూసుకోండి. బెర్త్ కోసం ఆగమనే నాలాంటివాళ్ల మాట అసలే వినకండి. ఇవాళ పన్నెండో రోజు. పొద్దున్నుంచి ఫోన్ పక్కనే పెట్టుకుని...

వంటింట్లోంచి మా ఆవిడ కేక: "ఓ అయ్యా, ఫోన్ ఈడ మోగుతున్నది! దిల్‌బహదూర్. గేటు తీస్తలేరంట, నువ్వు ఫోన్ల గేటు కాడి పోలీసులతోని జెర మాట్లాడాల్నంట. జల్దీ రా!"

వస్తున్నా. ఆ పోలీసుకు నేను ఏమని చెప్పను...